కోరంగి దోనెను కొలిచిన నావికుడు

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత సముద్రమును ఎన్నడును చూడని రాయలసీమ పల్లెలలో కూడ వినబడుచుండును. కడప సీమలోని మంగంపేటకు సముద్రము చేరువది కాదు. అచట నేల త్రవ్విన ముగ్గురాయి దొరకును గాని అలల చప్పుడు వినబడదు. అయినను ఆ రాయికిని సముద్రమునకును సంబంధము కలదు. నీటికంటె సుమారు నాలుగున్నర రెట్లు బరువైన ఈ ఖనిజమును పొడిచేసి, చమురుబావులు త్రవ్వునపుడు వాడు బురదలో కలుపుదురు. లోతునుండి ఎగదన్ను చమురును, వాయువును ఆ బురద తన బరువుచేత అణచిపెట్టును. అందుచేత మంగంపేట రాయి రేవులకు చేరి, ఓడలెక్కి, దూరదేశములకు పోవుచున్నది. ఓబులవారిపల్లెనుండి వెంకటాచలమునకు వేసిన రైలుమార్గము 2019లో పూర్తియైనపుడు, వెలిగొండల క్రింద త్రవ్విన 6.6 కిలోమీటర్ల సొరంగముగుండ ఈ మెట్టసీమకు కృష్ణపట్నపు రేవు మరింత దగ్గరయ్యెను.

ఇప్పుడా రాయిని మోయు ఓడలు ఉక్కువి. వానిలో ప్రతి పలకకును పటము కలదు. ఒక ఓడ మునిగినను పటము మిగిలియుండును గనుక అట్టిదే మరియొకటి కట్టవచ్చును. రెండువందల యేండ్ల క్రిందట తెలుగు రేవులనుండి సరుకు మోసికొనిపోయిన కొయ్య ఓడలకు ఈ భాగ్యము లేదు. వడ్రంగి కంటితో కొలిచెను, చేతితో చెక్కెను, కొడుకునకు నోటితో చెప్పెను. కొడుకు వేరు వృత్తి పట్టిననాడు ఆ విద్య అంతటితో ముగిసెను. ఆ ఓడలు ఎట్లుండెడివి? అడుగు బల్లపరుపుగా నుండెడిదా, కోసుగా నుండెడిదా? తెరచాప ఏ ఆకారమున నుండెడిది? ఈ ప్రశ్నలకు కొంత సమాధానము మన తాళపత్రములలో కాక, ఒక ఫ్రెంచి నావికుని చిత్రములలో దొరకుచున్నది. అతడే అడ్మిరల్ ఫ్రాన్స్వా ఎడ్మం పారిస్. నౌకల చరిత్ర నెరిగినవారికి అతని పేరు సుపరిచితము. పాత ఓడలకు చిన్న నమూనాలు చేయువారికిని, శిథిలమైన నమూనాలను బాగుచేయువారికిని అతని గ్రంథములు నేటికిని ఆధారము.

ఎడ్మం పారిస్ 1806 మార్చి 2వ తేదీన పారిస్ నగరములో జన్మించెను. మన లిపిలో అతని యింటిపేరును, పుట్టిన నగరము పేరును ఒక్కటే. 1820లో, పదునాలుగేండ్ల వయస్సున, అంగులేమ్ పట్టణములోని నావిక విద్యాలయమున చేరెను. విచిత్రమేమన, ఆ పట్టణము సముద్రతీరమున లేదు. దేశాభ్యంతరమున ఒక మెరకపై నున్నది. అల కనబడనిచోట కూర్చుండి సముద్రవిద్య నేర్చుకొన్న ఆ బాలుడు తరువాత మూడు భూప్రదక్షిణ యాత్రలు చేసెను. మెట్టయూళ్ల పాఠశాలలలో పిల్లలకు ఈ సంగతి చెప్పదగినది.

మొదటి యాత్ర 1826లో ఆరంభమయ్యెను. ద్యుమాం దుర్విల్ నాయకత్వమున 'ఆస్ట్రోలాబ్' అను ఓడ పసిఫిక్ మహాసముద్రమునకు బయలుదేరెను. అంతకు ముందు, 1788లో, లా పెరూజ్ అను సుప్రసిద్ధ నావికుని రెండు ఓడలు ఆ సముద్రములో అదృశ్యమై యుండెను. నలువదేండ్లు ఫ్రాన్సు దేశము వాని జాడకై ఎదురుచూచెను. 1828లో వానికోరో ద్వీపముచెంత, పగడపు దిబ్బలలో, ఆ ఓడల లంగరులు, ఫిరంగులు మొదలగునవి ఆస్ట్రోలాబ్ వారికి కనబడెను. ఘనమైన రెండు ఓడలలో ఇనుమును, కంచును తప్ప చెప్పుకొనదగినది మిగులలేదు. ఇరువదిరెండేండ్ల పారిస్ ఆ ఓడపై నుండెను. కొయ్య నీటిలో ఎంత త్వరగా మాయమగునో అతడు కన్నులార చూచెను. పిమ్మట అతడు చేసిన పనికి ఈ దృశ్యమే బీజమైనదని చెప్పుటకు ఆధారము లేదు గాని, చదువువారికి అట్లు తోచక మానదు. ఆ యాత్రలోనే అతడు ద్వీపవాసుల పడవలను గీయ నారంభించెను. 1829లో ఓడ స్వదేశమునకు మరలెను.

ఆ యేడాది ముగియకముందే అతడు రెండవ యాత్రకు సిద్ధమయ్యెను. లాప్లాస్ అను అధికారి నడిపిన 'ఫావొరీత్' ఓడ 1829 డిసెంబరులో తూలోన్ రేవు విడిచి, 1830లో మన తీరమునకు వచ్చెను. పుదుచ్చేరి, మద్రాసు, మచిలీపట్నము దాటి గోదావరి ముఖద్వారమున నున్న యానామును, కోరంగిని చేరెను. యానాము అప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. దానికి ప్రక్కనే యున్న కోరంగి ఓడల నిర్మాణమునకును, మరమ్మతునకును పేరుపొందిన రేవు.

కోరంగి పేరు నేటి విద్యార్థులకు మడ అడవులవలన తెలియును. ఆనాడు అది వేరు కారణమున ప్రసిద్ధము. 1802లో 'ఆల్బట్రాస్' అను ఆంగ్లేయ యుద్ధనౌకకు అచట మరమ్మతు జరిగెను. బంగాళాఖాతమునకు ఆవల, రంగూనులో, తెలుగువారినందరను కోరంగీలు అని పిలిచెడివారు. ఒక రేవు పేరు ఒక జాతికే పేరయ్యెననగా అచటనుండి ఎందరు ఓడ లెక్కిరో ఊహించుకొనవచ్చును. తెలుగువారి నౌకాయానము అప్పటికే అతిప్రాచీనము. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ కలదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనము, తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులవలె అపహరింపనని వర్తకులకు మాట యిచ్చుచున్నది. నాణెము వలన ఓడ యుండెనని తెలియును. శాసనము వలన వర్తకము జరిగెనని తెలియును. ఆ ఓడను మరల కట్టుటకు మాత్రము ఆ రెండును చాలవు.

పారిస్ చేసినది ఆ మూడవ పని. అతడు దూరమునుండి అందమైన దృశ్యము గీసి తృప్తిపడు చిత్రకారుడు కాడు. పడవలోనికి దిగి, కొలబద్ద పట్టి, పొడవును, వెడల్పును, లోతును కొలిచెడివాడు. నౌకాశిల్పులు ఒక ఓడను మూడు విధముల గీయుదురు. ప్రక్కనుండి చూచిన రూపమొకటి. పైనుండి చూచిన రూపమొకటి. గుమ్మడికాయను ముక్కలుగా కోసినట్లు ఓడను అడ్డముగా కోసిన కనబడు వంపులు మూడవది. ఈ మూడును కలిసిననే ఓడ కడుపు ఎచట ఉబ్బి, ఎచట సన్నగిలినదో తెలియును. వీనికి తోడు చుక్కాని, లంగరు, తెరచాప, మోకులు కట్టు తీరు, ఓడవారు నిలుచు చోటు మొదలగునవి కూడ అతడు గుర్తించెను.

మన తీరమున అతనికి కనబడిన పడవలు పలుతెరగులు. దుంగలను కలిపి కట్టిన తెప్పలు మొదటివి. ఇవి అలలలో మునిగియు తేలును. రెండవది మసూలా పడవ. దాని పలకలకు మేకులుండవు. కొబ్బరిపీచు త్రాటితో బట్టవలె కుట్టుదురు. లోపల గట్టి వంకచెక్కలు కూడ నుండవు. ఓడరేవు కట్టని నాటి మద్రాసు తీరమున అలల తాకిడికి ఐరోపా పడవ పగిలిపోగా, ఈ కుట్టుపడవ త్రొక్కిన తోలువలె వంగి, మరల నిలిచి, ప్రయాణికులను ఒడ్డునకు చేర్చెడిది. మేకులు లేకపోవుట లోపము కాదు, అదియే దాని బలము. మూడవది సముద్రముపై దూరము పోవు సరుకు దోనె. అడుగు బల్లపరుపుగా, గోడలు ఎత్తుగా నుండు ఈ ఓడను చూచి కొందరు మోటు పనియని తలచిరి. గోదావరి నోట ఇసుకమేటలున్నవి. కోసు అడుగుగల ఓడ అచట చిక్కుకొనును. బల్లపరుపు అడుగుగల దోనె ఆటుపోటులలో మేటపై నిలిచినను ఒరగక, నీరు రాగానే లేచిపోవును. ట్రింకోమలీలో ఓడల పని చూచిన జాన్ ఎడీ అను ఆంగ్లేయుడు 1834లో ప్రకటించిన వ్యాసములో ఈ తీరపు దోనె సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు కలదని వ్రాసెను. పారిస్ గీసిన పడవలలో కోరంగి దోనెకు ప్రత్యేకమైన స్థానము కలదు.

మసూలా పడవగాని, కోరంగి దోనెగాని ఐరోపా ఓడకు చెడిపోయిన నకలు కాదు. ఆ యా సముద్రము అడిగిన ప్రశ్నకు ఆ తీరపు వడ్రంగి యిచ్చిన సమాధానమది. పారిస్ పనిలో ముఖ్యముగా గమనింపదగిన గుణము ఇచటనే యున్నది. ఆ కాలపు ఐరోపావారిలో పెక్కుమంది పరదేశపు పనితనమును వింతవస్తువుగా చూచుచుండగా, ఇతడు తన దేశపు యుద్ధనౌకను ఏ శ్రద్ధతో గీయునో అదే శ్రద్ధతో తెప్పను గూడ గీసెను. కొలుచుట కూడ ఒక గౌరవమే.

ఆ కొలతలు తీసిన తొమ్మిదేండ్లకు, 1839 నవంబరులో, ఘోరమైన తుపాను కోరంగిని ముంచెత్తెను. 1789లో వచ్చిన ఉప్పెన నుండి తేరుకొన్న ఆ రేవు ఈసారి మునుపటి వైభవమునకు రాలేదు. నది ఒండ్రు పేరుకొని దారి పూడిపోవుచుండెను. క్రమముగా వర్తకము కాకినాడకు తరలిపోయెను. 1830లో ఆ ఫ్రెంచి ఓడ రాకపోయినను, వచ్చిన యువకుడు కొలబద్ద తీయకపోయినను, ఆనాటి దోనె రూపము మనకు ఇంత స్పష్టముగా దక్కియుండెడిది కాదు.

తుపానుకు ముందే అతని జీవితములోను ఒక విపత్తు సంభవించెను. 1837లో అతడు మరల లాప్లాస్ నాయకత్వమున 'ఆర్తెమీజ్' అను యుద్ధనౌకపై మూడవ యాత్రకు వెడలెను. ఓడ దక్షిణ భారతపు తీరమున నున్నపుడు అతడు ఒక ఇనుప కర్మాగారమును చూడబోయెను. యంత్రముల యందు అతనికి మిక్కిలి ఆసక్తి. అచట తిరుగుచున్న పండ్లచక్రములలో అతని ఎడమచేయి చిక్కి నలిగిపోయెను. వైద్యులు దానిని తీసివేయవలసి వచ్చెను. అప్పటి కతడు ముప్పదియేండ్లు దాటినవాడు. ఓడ పనియంతయు మోకులతోను, నిచ్చెనలతోను కూడినది. ఒంటిచేతి నావికునకు ఉద్యోగము ముగిసినదనుకొనుట సహజము. అతడు ఓడ దిగలేదు. 1839లో ఆర్తెమీజ్ తహీతి ద్వీపమువద్ద దిబ్బను ఢీకొని, అచటనే మరమ్మతు చేయించుకొని, 1840లో ఫ్రాన్సు చేరెను. అంతవరకును అతడు గీయుచునే యుండెను.

మిగిలిన కుడిచేతితో అతడు తన జీవితములోని మొదటి గొప్ప గ్రంథమును పూర్తిచేసెను. ఐరోపాయేతర జనుల నౌకానిర్మాణమును గూర్చిన ఆ గ్రంథము 1841 మొదలు 1843 వరకు పారిస్ నగరమున వెలువడెను. అందు సుమారు 130 చిత్రఫలకములు కలవు. అరబ్బుదేశము, భారతదేశము, మలయా, చైనా, పసిఫిక్ ద్వీపములు అన్నిటి పడవలును అందు ఒకే పద్ధతిని, కొలతలతో, ప్రక్కప్రక్కన నిలిచినవి. అవి గీయబడినవి మాత్రమే కాక కొలవబడినవని గ్రంథనామములోనే చెప్పబడియున్నది. మసూలా పడవయు, కోరంగి దోనెయు ఆ విధముగా లోకమునకు పరిచితములయ్యెను.

తరువాతి ముప్పది యేండ్ల చరిత్ర వింతయైనది. తెరచాప పడవలను ప్రేమతో గీసిన అతడే ఆవిరి ఓడల నిపుణుడయ్యెను. 'ఆర్కిమేద్' అను ఆవిరి నౌకకు నాయకుడై చైనా సముద్రములకు పోయెను. తెరచాప ఓడలకును, ఆవిరి ఓడలకును సంబంధించిన నావిక నిఘంటువును బోన్‌ఫూతో కలిసి రచించెను. ఓడను నడపు మరచక్రమును గూర్చి గ్రంథము వ్రాసెను. క్రిమియా యుద్ధములో పాల్గొనెను. 1863లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తునకు సభ్యుడయ్యెను. 1864లో వైస్ అడ్మిరల్ పదవి నందెను. తెరచాపను ఓడించు శక్తిని అతనికంటె బాగుగా ఎరిగినవారు అరుదు. అందువలననే పాత ఓడలకు ఇక ఎంతోకాలము లేదని అతడు ఇతరులకంటె ముందుగా గ్రహించెనని చెప్పవచ్చును. క్రొత్తదానిని ద్వేషించినవాడు పాతదానిని కాపాడుట సామాన్యము. క్రొత్తదానిని స్వయముగా నడిపినవాడు పాతదానిని కాపాడుట విశేషము.

1871లో, అరువదియైదేండ్ల వయస్సున, అతడు లూవ్రు భవనములోని నౌకా ప్రదర్శనశాలకు అధిపతిగా వచ్చెను. ఆ సంగ్రహమునకు మూలము 1748లో ద్యుఆమెల్ ద్యుమాంసో అను పండితుడు రాజునకు సమర్పించిన ఓడల నమూనాలు. 1827లో అది ప్రదర్శనశాలగా ఏర్పడెను. పారిస్ తన పాత పటములను అచటి శిల్పులముందు పరచి, వానిని కొయ్యలో మూర్తీభవింపజేసెను. పెక్కేండ్ల క్రిందట అతడు దూరసముద్రములలో కొలిచిన పడవలు ఒక్కొక్కటిగా నమూనాలై నిలువసాగెను. అతని ఆధ్వర్యమున తయారైన పరదేశపు పడవల నమూనాలు నూటికి పైబడినవి.

నమూనా చేయుట బొమ్మ చేయుట కాదని విద్యార్థులు గ్రహింపవలెను. ఒక అంగుళము రెండడుగులకు సమానమని నియమించుకొన్నచో, 70 అడుగుల దోనె 35 అంగుళముల నమూనా యగును. ఓడ మాత్రమే చిన్నదైన చాలదు. రెండంగుళముల మందముగల మోకు అంగుళములో పండ్రెండవ వంతు దారము కావలెను. తెరచాప బట్ట నేత, పలకల మందము, కుట్లమధ్య యెడము అన్నియు అదే లెక్కను తగ్గవలెను. ఒక్కచోట లెక్క తప్పిన కన్ను వెంటనే పట్టుకొనును.

చేయుటకంటె బాగుచేయుట కష్టము. కాలము గడచినకొలది దారములు పొడియగును, జిగురు విడిపోవును, దుమ్ము రంగును కప్పివేయును. చెక్క బీరువాలనుండి వెడలు పుల్లని ఆవిరి సీసపు తునకలను మెల్లమెల్లగా తెల్లని పొడిగా మార్చును. నేడు నమూనాలను బాగుచేయువారు కొన్ని నియమములు పాటింతురు. పాత భాగము నిలుచునంతవరకు తీసివేయరాదు. క్రొత్తగా చేర్చినది ఏదో తరువాతివారికి తెలియునట్లు వ్రాసియుంచవలెను. వాడిన జిగురు అవసరమైన మరల విడదీయుటకు వీలుగా నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఊహతో ఒక్క మోకైనను కట్టరాదు, ఆధారము చూపవలెను. నిడుపువెంబడి తెరచాపలు కట్టిన ఐరోపా స్కూనరు ఓడ నమూనా చెడిపోయినచో, దానిని కట్టిన రేవువారి పటములు వెదకి చూడవచ్చును. కోరంగి దోనెకు రేవువారి పటము లేదు. పారిస్ గీసిన ఫలకము వంటిదే దానికి దిక్కు. ఇచట ఒక మనుష్యుని ఓపిక ఎంత విలువైనదో తెలియుచున్నది.

వృద్ధాప్యములో కూడ అతడు విశ్రమింపలేదు. 1882 మొదలు నౌకాస్మృతులను పేరిట పాత ఓడల పటములను సంపుటములుగా ప్రకటించెను. ఈసారి తన దేశపు ఓడలు, ఇతర ఐరోపా దేశముల ఓడలు కూడ అందులో చేరినవి. 1883లో ప్రదర్శనశాలను గూర్చి వేరొక గ్రంథము వెలువరించెను. 1893 ఏప్రిల్ 8వ తేదీన, ఎనుబదియేడేండ్ల వయస్సున, ఇరువదిరెండేండ్లు కొలిచిన ఆ కొలువులో నుండగనే, కన్నుమూసెను. స్మృతుల చివరి సంపుటము అతని మరణానంతరము 1908లో వెలువడెను. ఆ ప్రదర్శనశాల 1943లో లూవ్రునుండి షాయో భవనమునకు మారెను. అతని పడవల నమూనాలతో 2010లో అచట ప్రత్యేక ప్రదర్శనము జరిగెను. 2017లో మూతపడి, పునర్నిర్మాణము జరిగినపిదప, ఆ శాల 2023 నవంబరులో మరల తెరువబడెను.

అతని కీర్తిని చెప్పునపుడు ఒక కొరతను కూడ చెప్పుట న్యాయము. అతడు ప్రయాణించిన ఓడలు జ్ఞానమునకై మాత్రమే తిరిగినవి కావు. తమ రాజ్యపు పతాకము చూపుటకును, వర్తకపు దారులు వెదకుటకును తిరిగినవి. అతని పటములో కోరంగి దోనె నిలిచినది. దానిని కట్టిన వడ్రంగి పేరు మనకు దక్కలేదు. ఏ చెట్టు కొయ్య ఎందుకు కోసెనో, మొదటి దూలము పెట్టునాడు ఏమి పలికెనో ఆ పటము చెప్పదు. ఆ మాటలు తెలుగున జరిగినవి. వానిని వినగలిగినవారు మనవారే, వారు వ్రాసికొనలేదు. పరదేశి కొలిచినది మిగిలెను, స్వదేశి వినినది పోయెను.

కోరంగిని గూర్చి ఇక మనము చేయగలిగినది తక్కువ. మన యిండ్లచుట్టును ఇంకను మిగిలినవాని విషయమున చేయగలిగినది చాల కలదు. ఓడలు బండ్లగునని చెప్పుకొనుచున్నాము గాని, ఆ బండియే నేడు కనుమరుగగుచున్నది. మెట్టపొలముల బావులపై నీరుతోడిన కపిల, దాని బాన, మోకు, గిలక; ఊరి గానుగ; కొయ్యచక్రముల ఎద్దులబండి: వీనిని చేసిన చేతులు వృద్ధములైనవి. కొన్నియెడల పశువులకొట్టములో విరిగిన చక్రమొకటి ఆకు ఊడి పడియున్నది. దానిని బాగుచేయుటకు ముందు కొలత కావలెను. ఒక కొలనాడా, రెండు తెల్లకాగితములు, ఒక సీసముకడ్డి యున్న చాలును. ప్రక్కనుండి ఒక చిత్రము, పైనుండి ఒకటి, అడ్డముగా ఒకటి గీయవలెను. ఆపైన, ఆ అడ్మిరల్ చిత్రములు మనకు అందింపలేకపోయినది ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగలరు: ముసలి వడ్రంగి చెంత కూర్చుండి, ప్రతి భాగమునకు అతడు చెప్పు పేరును అడిగి వ్రాసి, కాగితము అడుగున అతని పేరు కూడ వ్రాయవలెను.